చెర్రీ బ్లాసమ్ ప్రిన్సెస్ అంటే అందాల పోటీ విజేతేనా?

కాదు, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఏటా వసంతకాలంలో జరిగే చెర్రీ పూల ఉత్సవంలో ‘ప్రిన్సెస్’ అనేది ఒక రాష్ట్రం తరఫున పాల్గొనే యువతికి ఇచ్చే గౌరవ హోదా మాత్రమే. 1912లో టోక్యో నగరం కానుకగా పంపిన చెర్రీ చెట్ల పేరిట సాగే ఈ వేడుకకు, రాజధానిలోని ఆయా రాష్ట్రాల సంఘాలు చదువు, నాయకత్వ లక్షణాలు, ప్రజాసేవపై ఆసక్తి చూసి తమ ప్రతినిధులను పంపుతాయి. వారిలో రాణి ఎవరన్నది న్యాయనిర్ణేతలు తేల్చరు. తిరునాళ్లలో తిప్పే లాటరీ చక్రం వంటిదాన్ని తిప్పి, అది ఏ రాష్ట్రం దగ్గర ఆగితే ఆ రాష్ట్ర యువతికి కిరీటం పెడతారు కాబట్టి, మిగిలినవారికి ఓడిపోయామన్న చిన్నతనం ఉండదు. 1957లో జపాన్ నుంచి వచ్చిన ఆ ముత్యాల కిరీటం మోయలేనంత బరువు కావడంతో, కాసేపటికే దాన్ని తీసి చిన్న కిరీటం పెట్టడం అక్కడి ఆనవాయితీ.

ఉదాహరణకు, అనంతపురం నుంచి వెళ్లి టెక్సస్‌లో స్థిరపడిన కుటుంబంలోని అమ్మాయిని ఆ రాష్ట్ర సంఘం ఎంపిక చేస్తే ఆమె టెక్సస్ ప్రిన్సెస్ అవుతుంది. ‘అమెరికాలో అందాల రాణిగా అనంత ఆడపడుచు’ అని మనవాళ్లు టవర్ క్లాక్ దగ్గర ఫ్లెక్సీ కట్టినా కట్టవచ్చు గానీ, అందులో రెండు పొరపాట్లున్నాయి: ఆమె గెలిచింది అందాల పోటీ కాదు, ఆ వేదికపై ఆమె ప్రాతినిధ్యం వహించేది అనంతపురానికీ కాదు.