ఇంటర్నెట్ మీదుగా ఎల్‌డాప్ రెప్లికేషన్ అప్పుడప్పుడూ ఆగిపోతుంటే

రెండు ఊళ్ళలో పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్లు, వాటి వెనుక వాడుకరుల ఖాతాల జాబితాను ఉంచే ఓపెన్ ఎల్‌డాప్ డైరెక్టరీ, మధ్యలో మామూలు ఇంటర్నెట్ కనెక్షన్. రెప్లికేషన్‌లో, అంటే ఒక సర్వర్‌లోని జాబితాను రెండోదానికి నకలు చేయడంలో, కొత్త ఖాతాలు ఒక్కోసారి రెండో ఊరికి ఆలస్యంగా చేరుతున్నాయని, లాగ్‌లో మాత్రం ఏ తప్పూ కనిపించడం లేదని మీరు రాశారు. హైదరాబాద్, విశాఖపట్నం కార్యాలయాల మధ్య ఇదే అమరికను నడిపినప్పుడు నాకూ అచ్చంగా ఇదే ఎదురైంది.

ఒక రోజు ఉదయం పది గంటలకు హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగికి ఖాతా తెరిచాము. విశాఖ సర్వర్ మాత్రం ఆయనకు వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ 550 కోడ్‌తో, అలాంటి వాడుకరి లేడంటూ తిప్పి పంపింది. మధ్యాహ్నానికి ఎవరూ ముట్టుకోకుండానే సర్దుకుంది. నిజానికి ఇలా తనంతట తానే సర్దుకునే లోపమే మనిషిని ఎక్కువ తిప్పలు పెడుతుంది.

ఓపెన్ ఎల్‌డాప్‌లో ఈ నకలు పని చేసే సింక్‌రెప్ల్‌ను రిఫ్రెష్ అండ్ పర్సిస్ట్ పద్ధతిలో పెడితే, నకలు తీసుకునే సర్వర్ ఒకే కనెక్షన్‌ను తెరిచి ఉంచి మార్పుల కోసం ఎదురు చూస్తుంది. రాత్రంతా మార్పులేవీ లేకపోతే దారిలోని ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ను మరచిపోతుంది, ఆపై మార్పులు దాని మీదుగా చేరవు. కానీ వినడమే తప్ప ఏమీ పంపని ఆ సర్వర్‌కు సంగతి తెలియదు కనుక, కనెక్షన్ల జాబితా చూపే ఎస్‌ఎస్ కమాండ్‌లో కనెక్షన్ నిక్షేపంగా ఉన్నట్టే కనిపిస్తుంది. లినక్స్ మామూలు అమరికలో 7200 సెకన్లు, అంటే రెండు గంటలు, నిశ్శబ్దంగా గడిచిన తరువాతే అవతలి వైపు ఉన్నదో లేదో విచారిస్తుంది. మా ఆలస్యం లెక్క అక్కడ తేలింది.

సింక్‌రెప్ల్ వాక్యంలో కీప్‌అలైవ్ విలువను 240:10:30 అని (240 సెకన్ల నిశ్శబ్దం తరువాత 30 సెకన్లకొకసారి పది సార్లు విచారించమని), రీట్రైను "60 10 300 +" అని (తెగితే 60 సెకన్లకొకసారి పది సార్లు, ఆపై 300 సెకన్లకొకసారి ఆగకుండా మళ్ళీ ప్రయత్నించమని) పెట్టిన తరువాత ఆ ఇబ్బంది మళ్ళీ రాలేదు. మీ ఫైర్‌వాల్ గడువు నాలుగు నిమిషాల కంటే తక్కువైతే 240ని ఇంకా తగ్గించండి.

కనెక్షన్‌ను టీఎల్‌ఎస్‌తో గుప్తీకరించే స్టార్ట్‌టీఎల్‌ఎస్‌కు "ఎస్" అని కాక "క్రిటికల్" అని రాయండి. లేకపోతే టీఎల్‌ఎస్ కుదరనప్పుడు పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌లను మార్చి దాచిన రూపాలు) బహిరంగంగానే ప్రయాణిస్తాయి. రెప్లికేషన్ ఖాతాకు సైజ్ లిమిట్ (ఒకసారికి ఇచ్చే ఎంట్రీల పరిమితి) ఎత్తివేయడం మరచిపోతే మొదటి నకలు 500 ఎంట్రీల దగ్గరే ఆగుతుంది.

ఇప్పుడు ఐదు నిమిషాలకొకసారి రెండు వైపులా, డైరెక్టరీలో చివరి మార్పు ఏదో సూచించే కాంటెక్స్ట్‌సీఎస్‌ఎన్ విలువలను పోల్చి, వరుసగా రెండు సార్లు తేడా ఉంటే నాకు సందేశం పంపే చిన్న స్క్రిప్టు నడుస్తోంది. మీరు లాగ్‌ను కాక ఆ విలువనే చూడండి.