తప్పులు పట్టే కుర్రాడికి గేమ్ కంపెనీలో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ‘టోటల్ వార్’, ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్’ లాంటి యుద్ధవ్యూహాల గేమ్‌లు ఆడుతూ, ఈ కవచం ఆ కాలానిది కాదు, ఆ సైన్యం అంత వేగంగా కదల్లేదు అంటూ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంటాడు. డిగ్రీలో చరిత్ర చదివి గేమ్ కంపెనీకి చరిత్ర సలహాదారు అవుతానంటున్నాడు. మాకేమో కంప్యూటర్ సైన్స్ చదివించాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: సలహాదారు ఉద్యోగాన్ని నమ్ముకుని మాత్రం డిగ్రీ ఎంచుకోనివ్వకండి. అలాంటి పనులు బాగా తక్కువ. ఆ ఉన్నవాటికీ కంపెనీలు ముందు చూసేది ఆ రంగంలో అప్పటికే పేరున్నవాళ్లనే. అలాగని ఆ నోట్‌బుక్‌ను తీసిపారేయకండి.

2004లో వచ్చిన ‘రోమ్: టోటల్ వార్’నే తీసుకోండి. ఆట క్రీ.పూ. 270లో మొదలవుతుంది. అప్పుడు ఈజిప్టును ఏలుతున్నది మాసిడోనియా నుంచి వచ్చిన టాలమీల వంశం. వాళ్ల సైన్యానికి బలం పొడవాటి ఈటెలు పట్టుకుని బారులు తీరే ఫాలాంక్స్. గేమ్‌లోనేమో ఈజిప్టు సైనికులు ఫారోల వేషాల్లో, రథాలెక్కి దిగుతారు. అదంతా ఎనిమిది వందల ఏళ్లకు పైగా పాతబడ్డ సరంజామా! ఇలాంటివి మింగుడుపడని అభిమానులు విసుక్కుని ఊరుకోలేదు. గేమ్ ఫైళ్లు మార్చి, ‘యూరోపా బార్బరోరమ్’ అనే మాడ్‌లో (అంటే అభిమానులే మార్చుకున్న గేమ్ రూపంలో) సైన్యాలన్నీ కొత్తగా కట్టారు. మీవాడు చేరాల్సింది ఈ జట్టులో.

ఇంకో మాట కూడా అడగండి: డిజైనర్లు అలా ఎందుకు చేసి ఉంటారు? ఈజిప్టుకూ, మాసిడోనియాకూ, పశ్చిమాసియాను ఏలిన సెల్యూసిడ్లకూ ఒకే రకం ఈటెల బారు ఇస్తే, ఆడేవాడికి ఎవరు ఎవరో తెలియదు. దీనికి తనదైన పరిష్కారం చెప్పగలిగితే డిజైనర్ లక్షణం ఉన్నట్టే. ‘తప్పు’ అనే దగ్గరే ఆగిపోతే ఇంకా టైముంది.

అసలు వాస్తవికత వేషాలకన్నా లెక్కల్లో ఎక్కువ ఉంటుంది. 1941లో సోవియట్ యూనియన్‌లోకి చొరబడ్డ జర్మన్లకు అక్కడి పట్టాలు 1,524 మి.మీ. గేజువి, తమ రైళ్లవి 1,435. పట్టాలు మార్చుకుంటూ పోవాల్సివచ్చింది. ఆ సైన్యం వెంట ఆరు లక్షలకు పైగా గుర్రాలు, వాటికి మేత! ఈ రెండో ప్రపంచయుద్ధాన్నే ఆడించే ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4’ 2016లో వచ్చినా, రైలుమార్గాల మీద ఆధారపడే సరఫరా పద్ధతి 2021లో గానీ రాలేదు. దాన్ని ఆటలో కూర్చాలంటే చరిత్ర తెలియాలి, కోడూ రాయాలి. వాస్తవికత మితిమీరినా ప్రమాదమే. 1824లో ప్రష్యా సైన్యం శిక్షణకు తీసుకున్న క్రీగ్‌స్పీల్ అనే యుద్ధక్రీడ నియమాల బరువుతో నత్తనడక నడిచేది. 1876లో వెర్డీ డు వెర్నువా అనే అధికారి ఆ నియమాలు చాలావరకు పక్కనపెట్టి, అంపైర్ అనుభవానికి పెద్దపీట వేశాడు.

అందుకని నా ఓటు కంప్యూటర్ సైన్స్‌కే, చరిత్రను సీరియస్‌గా చదువుతూ. కోడ్ అంటేనే గిట్టకపోతే బలవంతపెట్టకండి. చరిత్రే చదవనివ్వండి, మాడ్‌లు మాత్రం వదలొద్దని చెప్పండి. ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4’ నియమాలు చాలావరకు మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి, నోట్‌ప్యాడ్ చాలు. ఒక్క నియమం మార్చి, ఆటగాళ్లు మాడ్‌లు పంచుకునే స్టీమ్ వర్క్‌షాప్‌లో పెట్టి, ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడించమనండి. ఏ ఆధారంతో మార్చాడు, ఆట రక్తికట్టిందా చప్పబడిందా అన్నది ఒక పేజీ రాయాలి. ఇంటర్వ్యూలో చూపించాల్సింది ఆ పేజీని. ఏడాదైనా ఒక్క మాడ్ పూర్తికాకపోతే ఆటను ఆటగానే ఉంచుకుని, చరిత్ర మీది ఇష్టంతో బోధన, మ్యూజియం, ఆర్కైవ్స్ కోర్సుల వైపు చూడటం మేలు.