డాక్టరు మీ రహస్యం బయటపెట్టారు, మరి రుజువు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. చిన్నప్పటి నుంచి మా ఇంటిల్లిపాదికీ పార్వతీపురంలోని ఒక ప్రైవేటు డాక్టరే వైద్యం చేస్తున్నారు. నేను స్వలింగ సంపర్కుడిని. నా సహచరుడితో కలిసి ఉంటున్నాను. 2024 ఉగాదికి నాలుగు రోజుల ముందు ఒంట్లో బాగాలేక వెళ్లి, తగిన పరీక్షలు రాస్తారని ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ సాయంత్రమే ఆయన మా మేనమామకు ఫోన్ చేసి అంతా చెప్పేశారు. ‘డాక్టరుగారే చెప్పారు, ఇక మా గడప తొక్కకు’ అని మామయ్య వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపారు. దాన్ని సహచరుడికి పంపి, భరించలేక నా ఫోన్‌లో తీసేశాను. మళ్లీ వెళితే ‘నీలాంటివాళ్లను చూడను’ అన్నారు డాక్టరు. అప్పటి నుంచి ఏ వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదు. డాక్టరు రాసిన చీటీ ఉంది కానీ ఫీజు రసీదు పోయింది. ప్రెస్సులో పనిచేసే మిత్రుడు అలాంటిదే అచ్చు వేసిస్తానంటున్నాడు. డాక్టరును జైలుకు పంపవచ్చా? కేసు వేస్తే నన్నే అరెస్టు చేస్తారా? రెండేళ్ల గడువు అంటున్నారు కాబట్టి ఈ వేసవిలో చూసుకుందామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: వేసవి దాకా ఆగితే మీకు కేసే ఉండదు. 2024 ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. అంటే డాక్టరు మీ మామయ్యకు చెప్పింది ఏప్రిల్ 5న. డబ్బు తీసుకుని చేసిన వైద్యానికీ వర్తించే వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి. 2026 ఏప్రిల్ 5 ఆదివారం, 3వ తేదీ గుడ్‌ఫ్రైడే. చివరి రోజు సెలవైతే మర్నాడు తీసుకుంటారన్న ధీమాతో ఉండకండి. పండుగలతో లెక్కపెట్టే అలవాటూ మానండి. ఈసారి ఉగాది మార్చి 19నే వస్తోంది. కమిషన్ చూసేది ఇంగ్లీషు తేదీలనే. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే ‘వేసవిలో చూసుకుందామనుకున్నాను’ అన్నది కారణం కాదు. ఇది 2026 ఫిబ్రవరి. మార్చి మొదటి వారానికల్లా ఫిర్యాదు దాఖలు చేయండి.

డాక్టరు ‘నీలాంటివాళ్లను చూడను’ అన్నారని రాశారు. మీకు అది పెద్ద గాయం కావచ్చు, కానీ కేసులో అదే బలహీనమైన భాగం. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం, అత్యవసర పరిస్థితిలో తప్ప, ఏ రోగిని చూడాలో ఎంచుకునే స్వేచ్ఛ డాక్టరుకు ఉంది. వైద్యసేవల్లో వివక్షను నిషేధించిన 2019 చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం చేసినది. లైంగిక అభిరుచిని బట్టి వివక్ష చూపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది కానీ, అది మానసిక చికిత్సకే వర్తిస్తుంది. హెచ్‌ఐవి చట్టం ఆ వ్యాధి ఉన్నవారికి రక్షణ ఇస్తుంది. మామూలు జ్వరానికో మంటకో వీధి చివరి క్లినిక్‌కు వెళ్లే మీలాంటి వారికి ఈ మూడింటిలో ఏదీ సరిగ్గా సరిపోదు. ఇది చట్టంలో ఉన్న వెలితే. దాన్ని మీ కేసుతో పూడ్చాలని చూస్తే ఉన్న బలం కూడా పోతుంది.

మీ బలమంతా రహస్యం బయటపెట్టడంలో ఉంది. వృత్తిలో భాగంగా తెలిసిన రోగి రహస్యాన్ని వైద్యుడు వెల్లడించకూడదని 2002 నాటి ఆ వైద్య వృత్తి నియమావళిలోని 7.14 నిబంధన చెబుతోంది. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తెలపాల్సిన వ్యాధి వంటి కొన్ని సందర్భాలే దీనికి మినహాయింపు. మేనమామ కుతూహలం వాటిలో లేదు. ‘ఇంటి పెద్ద కదా, మంచికే చెప్పాను’ అని డాక్టరు అనవచ్చు. మీరు మైనరు కాదు కాబట్టి ఆ వాదన నిలవదు. అయితే మీరు రాయని సంగతి ఒకటుంది. మీరు చెబుతున్నప్పుడు గదిలో కాంపౌండరు గానీ మరో రోగి గానీ ఉన్నారా? ఉంటే, ఆ కబురు వేరెవరి నోటి నుంచో వెళ్లి ఉండవచ్చని ఎదుటి వకీలు తప్పక అంటాడు.

అలా అన్నప్పుడు మీ చేతిలో ఉండేది ఆ వాయిస్ మెసేజ్ ఒక్కటే. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రెండూ దానిలోనే ఉన్నాయి. అలాంటిదాన్ని మీ చేతులతో మీరే తుడిచేశారు! బాధలో చేశారని నేను సర్దుకోవచ్చు, కమిషన్ సర్దుకోదు. సహచరుడి ఫోన్‌లో ఉన్నది ఫార్వర్డ్ చేసిన ప్రతి మాత్రమే. దాని మీద మీరు పంపిన తేదీ ఉంటుంది తప్ప మామయ్య పంపిన తేదీ ఉండదు. మీ ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ ఉందేమో ముందు వెతికించండి. దొరికినా దొరక్కపోయినా, ఆ మెసేజ్‌కు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం సిద్ధం చేయించండి. దానిలో ఒక భాగం ఫోన్ యజమాని, రెండో భాగం నిపుణుడు ఇవ్వాలి. మామయ్య స్వయంగా సాక్ష్యం చెబుతారని ఆశ పెట్టుకోకండి.

రసీదు విషయంలో మీ మిత్రుడికి దూరంగా ఉండండి. దొంగ రసీదు దాఖలు చేస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. డాక్టరును జైలుకు పంపబోయి మీరే వెళతారు. అసలు ఆ అవసరం ఎక్కడుంది? ఫీజు ఫోన్‌పేలో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు. నగదు ఇచ్చి ఉంటే ఆ రోజు తేదీ ఉన్న చీటీ, దానితో పాటు మీ ప్రమాణపత్రం పెట్టండి. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఫీజు కట్టారన్నది రుజువైతే చాలు, అందంగా అచ్చయిన కాగితం అక్కర్లేదు.

డాక్టరుది పార్వతీపురమే అయినా, ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయవచ్చు. మీరు డాక్టరుకు కట్టిన మొత్తం ఐదు లక్షలు దాటలేదు కాబట్టి కోర్టు ఫీజు లేదు. తెలుగులో ఉన్న కాగితాలకు, మామయ్య మాటలకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి, అక్కడ తెలుగు చదివేవారు ఉండాలని లేదు. ఆదేశాలు ఇంటర్నెట్‌లో వస్తాయి కాబట్టి, పేరు వెల్లడించవద్దని మొదటి రోజే దరఖాస్తు పెట్టండి. ఒప్పుకోవడం కమిషన్ విచక్షణ.

ముందు లాయరు నోటీసు ఇచ్చి జవాబు కోసం కూర్చుంటామనేవారు చాలామంది ఉంటారు. నోటీసు ఇస్తే గడువు ఆగదు. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసినా ఆగదు. కౌన్సిల్‌కు తప్పకుండా రాయండి, డాక్టరు లైసెన్సుపై చర్య తీసుకోగలిగేది అదే. కానీ కమిషన్‌లో ఫిర్యాదు పడ్డాకే రాయండి.

మీరు చెప్పినదాన్ని బట్టి జైలు శిక్ష పడే నేరం కనబడదు. మిమ్మల్ని అరెస్టు చేసే ప్రశ్నా లేదు. పరస్పర సమ్మతితో కలిసి ఉండే వయోజనుల విషయంలో, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న కొట్టేసింది.

అప్పటి నుంచి ఏ వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదని మీ ఉత్తరం చెబుతోంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్షా క్లినిక్‌లలో సుఖవ్యాధులకు పరీక్షలు, చికిత్స ఉచితం. ఈ వారమే వెళ్లండి. ఇక, వాయిస్ మెసేజ్ ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా మీ సహచరుడు ఫోన్ మార్చకుండా చూడండి.