మంచి టూల్స్ నాకెలా దొరికాయంటే

కోడ్ రాసేవాళ్లకీ, డేటాతో కుస్తీ పట్టేవాళ్లకీ పనికొచ్చే టూల్స్ ఎలా తెలుస్తాయి, వాటిలో నిజంగా వాడుకలో మిగిలేవి ఏవి అని అడిగారు. నేను బ్యాకెండ్ కోడ్ రాస్తాను, మధ్యమధ్యలో డేటా శుభ్రం చేసే పని కూడా నెత్తిన పడుతుంటుంది. "తప్పక వాడాల్సిన 50 టూల్స్" లాంటి జాబితాల వల్ల నాకు ఒరిగింది దాదాపు ఏమీ లేదు. చదివేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయి, బుక్‌మార్క్ చేస్తాం, మళ్లీ అటు చూడం. నా దగ్గర నిలిచినవన్నీ ఏదో ఒక పని ప్రాణం తీస్తున్నప్పుడు దొరికినవే.

అన్నింటికన్నా ఎక్కువ మేలు చేసింది ఓపెన్‌రిఫైన్, చిందరవందరగా ఉన్న డేటాను శుభ్రం చేసే టూల్. ఫారాల్లోంచి వచ్చే పేర్ల కాలమ్ ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఒకే మనిషి ఒకచోట "రవి కుమార్", ఇంకోచోట "కుమార్, రవి", మరోచోట మధ్యలో రెండు స్పేస్‌లు, చివర ఒక చుక్క. ఎక్సెల్‌లో ఫైండ్, రీప్లేస్ కొడుతూ కూర్చుంటే ఎంతకీ తెగదు. ఒకే పేరును రకరకాలుగా రాస్తే కలపడం ఎలా అని వెతికితే ఇది కనబడింది. దీంట్లో క్లస్టరింగ్ అని, ఒకేలా ఉన్నవాటిని గుంపులుగా చేర్చే సదుపాయం ఒకటుంది. అందులో ఫింగర్‌ప్రింట్ పద్ధతి ముందూ వెనకా ఉన్న స్పేస్‌లు తీసేస్తుంది, ఇంగ్లిష్ అయితే అన్నీ చిన్న అక్షరాలుగా మారుస్తుంది, కామాలూ చుక్కలూ ఊడ్చేస్తుంది, పదాలను విడదీసి అక్షరక్రమంలో పేరుస్తుంది. దాంతో పై మూడూ "కుమార్ రవి" అయిపోయి ఒకే గుంపులో పడతాయి. కలపాలా వద్దా అని మాత్రం మనల్నే అడుగుతుంది. అదే మంచిది, నిజంగానే ఇద్దరు రవి కుమార్‌లు ఉండొచ్చుగా.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మనం చేసిన ప్రతి మార్పునూ అది వరసగా రాసి పెట్టుకుంటుంది. ఆ వరసను జేసన్‌గా (డేటాను మామూలు టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) బయటికి తీసి, వచ్చే నెల అదే రకం ఫైల్ వచ్చినప్పుడు దాని మీద మళ్లీ నడిపించొచ్చు. 2010లో ఫ్రీబేస్ గ్రిడ్‌వర్క్స్‌గా మొదలై, గూగుల్ రిఫైన్‌గా మారి, 2012లో ఓపెన్‌రిఫైన్ అయింది. బ్రౌజర్‌లో కనిపించినా నడిచేది మన కంప్యూటర్‌లోనే, డేటా గడప దాటదు.

డక్‌డీబీ అనే డేటాబేస్ కూడా నాకు ఇలాగే దొరికింది. పెద్ద సీఎస్‌వీని (కామాలతో విడదీసిన టేబుల్ ఫైల్) పైథాన్‌లో డేటా పనులకు వాడే పాండాస్‌లోకి తెస్తే మెమరీ చాలక లాప్‌టాప్ చతికిలబడేది. డక్‌డీబీలో సర్వర్ పెట్టక్కర్లేదు, టేబుల్ కట్టక్కర్లేదు. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్క్యూఎల్‌లో ఫ్రమ్ తర్వాత ఫైల్ పేరు కోట్స్‌లో రాస్తే చాలు. డేటాను కాలమ్‌ల వారీగా దాచే పార్కే ఫైల్ అయితే మనం అడిగిన కాలమ్స్ మాత్రమే చదువుతుంది. ఇది పుట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధనా సంస్థలో. పైథాన్ భాష పుట్టిందీ అక్కడే, ఆ చోటి మహిమేంటో మరి!

రెండో దారి, పక్కవాళ్ల టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే తెర) చూడటం. స్క్రీన్ షేర్‌లో ఒకాయన కంట్రోల్ ఆర్ నొక్కగానే పాత కమాండ్లన్నీ జాబితాగా వచ్చి, నాలుగక్షరాలు కొట్టేసరికి కావలసింది పైకి తేలింది. మీటింగ్ సంగతి పక్కన పెట్టి అదేంటని అడిగాను. ఎఫ్‌జెడ్‌ఎఫ్ అట, జాబితాల్లో వెతికిపెట్టే టూల్. ఆ రోజు నుంచి వదల్లేదు. అడగడానికి మొహమాటపడకండి, చెప్పేవాళ్లకి కూడా అదొక సరదా.

ఇక ఏది నమ్మాలి అంటారా? నేను ముందు చూసేది, తమ టూల్ ఎప్పుడు వాడకూడదో వాళ్లే రాశారా లేదా అని. ఫైళ్లలో పదాలు వెతికే రిప్‌గ్రెప్ రీడ్‌మీలో (టూల్‌తో వచ్చే పరిచయ పత్రం) దాన్ని ఎందుకు వాడకూడదో చెప్పే భాగం ఒకటి విడిగా ఉంది. 2000 నుంచి ఉన్న, సర్వర్ అక్కర్లేని డేటాబేస్ ఎస్క్యూలైట్ కూడా అంతే, ఏ సందర్భాల్లో సర్వర్ ఉన్న డేటాబేసే మేలో తమ సైట్‌లోనే చెబుతారు. అన్నిటికీ మాదే మందు అనేవాళ్ల దగ్గర నాకు అనుమానం. ఆ తర్వాత లైసెన్సూ, చివరి రిలీజ్ తేదీ ఓసారి చూస్తే సరిపోతుంది. ఏఐ చాట్‌బాట్‌ని అడిగినా పేర్లు బాగానే చెబుతుంది, కానీ లేని ఆప్షన్లు కూడా అంతే ధీమాగా చెబుతుంది కాబట్టి హెల్ప్ పేజీతో సరిచూసుకోండి.

ఆఫీసు డేటాను ఏదో ఒక ఆన్‌లైన్ ఫార్మాటర్‌లో పేస్ట్ చేసే అలవాటుంటే ముందు అది మానండి. జేసన్‌కి మన కంప్యూటర్‌లోనే నడిచే జేక్యూ ఉంది. బేస్ 64 లాంటి ఎన్‌కోడింగ్ (డేటాను వేరే అక్షరాల్లోకి మార్చి రాయడం) గొడవలకి సైబర్‌షెఫ్ ఉంది. అది బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ 2016లో బయటపెట్టినది. డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకుండానే బ్రౌజర్‌లో పనిచేస్తుంది.

కొత్తవి వెతికే ముందు చేతిలో ఉన్నవీ తిరగేయండి. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ రోజూ వాడేవాళ్లలో కూడా, బగ్ ఏ మార్పుతో వచ్చిందో వెతికే బైసెక్ట్ తెలియనివాళ్లు చాలామంది. బాగా పనిచేసిన కమిట్ (గిట్‌లో దాచిన ఒక మార్పు) ఒకటి, చెడిపోయిన కమిట్ ఒకటి చూపిస్తే మధ్యలోది తీసి పరీక్షించమంటుంది, ప్రతిసారీ సగం కొట్టేస్తుంది. 1000 కమిట్లున్నా పదిసార్లు చూస్తే బగ్ ఎక్కడ దూరిందో తేలిపోతుంది. టెస్ట్ స్క్రిప్ట్ ఇస్తే అది కూడా తనే చేసుకుంటుంది.

మీ పని ఎక్కువగా సీఎస్‌వీలతోనే అయితే ఓపెన్‌రిఫైన్, డక్‌డీబీ ఈ రెండే ఈ వారం మీ సొంత ఫైల్ మీద నడిపి చూడండి. డెమో డేటా మీద ప్రతి టూలూ బ్రహ్మాండంగానే ఉంటుంది. మీకు ఎక్కువ సమయం తింటున్న పని ఏదో రాస్తే, దానికి తగ్గది నాకు తెలిసినంతలో చెబుతాను.