జాగ్రఫీ టీచర్ల కాన్ఫరెన్స్‌కి ఫస్ట్ టైమ్ పోతున్నా, రెండ్రోజులు ఓడీ (ఆన్ డ్యూటీ) పెట్టుకునేంత ఉంటదా? ఏం తీసుకుపోవాలె?

ఉంటది మేడమ్, పొండి. కాకపోతే పేపర్లు వినడానికే అనుకుంటే మాత్రం లంచ్ తర్వాత నిద్ర ఆపుకోవడం కష్టం, చాలామంది పీపీటీలో ఉన్నదే చదివేస్తరు. నాకైతే అసలు కాన్ఫరెన్స్ టీ బ్రేక్‌లోనే.

మన సోషల్ వాళ్ళ సంగతి తెలిసిందే కదా, డిగ్రీలో హిస్టరీనో పొలిటికల్ సైన్సో చదివి వచ్చినవాళ్ళమే ఎక్కువ, జాగ్రఫీ కూడా మనమే చెప్పాలె, డౌటొస్తే బడిలో అడగడానికి ఇంకో మనిషుండడు. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో సిలబస్ ఎంతయింది, మార్కులు ఎక్కించిన్రా అనేదానితోనే పొద్దుగూకుతది. ఆలుగడ్డని పొరలు పొరలుగా కోసి ఒక్కో ముక్క చుట్టూ పెన్సిల్‌తో గీస్తే కాంటూర్ మ్యాప్ (ఒకే ఎత్తున్న చోట్లని గీతలతో కలిపి చూపే మ్యాప్) అయితదని నాకు చూపించింది ఇట్లాంటి చోట కలిసిన ఒక సారే, ఏ ట్రైనింగ్‌లోనూ కాదు.

ఈసారి నేను ఎదురుచూసేది ఒక్క పని కోసం, పిల్లలతో కర్ర నీడ కొలిపించి భూమి చుట్టుకొలత లెక్కేయించాలె. మాది మహబూబ్‌నగర్. సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికొచ్చి నిలువు కర్రకి నీడే పడని రోజు మాకు ఏడాదిలో రెండుసార్లొస్తది, మే మొదటి వారంలో ఒకటి, ఆగస్టు మొదటి వారంలో ఒకటి. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు! పిల్లలకి చూపించేదెప్పుడు? అందుకే నీడ లేని రోజు కాదు, నీడ పొడుగ్గా ఉన్న రోజు పట్టుకుందాం అనుకుంటున్నా, అంటే డిసెంబర్ 22 అటుఇటు, ఆకాశం కూడా బాగుంటది. ఆ రోజుల్లో మా దగ్గర మీటరు కర్రకి మధ్యాహ్నం నీడ 84, 85 సెంటీమీటర్లుంటది, అదే ఆదిలాబాద్‌లో 93 దాటుతది. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీదున్నయి కాబట్టి రెండుచోట్లా ఇంచుమించు ఒకే టైమ్‌కి, 12 దాటి పావుగంటకి, నీడ అతి చిన్నగా అయితది, ఫోన్లో మాట్లాడుకుంటూ కొలవొచ్చు. ఒక్కో నీడ నుంచి సూర్యుడి కోణం లెక్కేస్తే, ఆ రెండు కోణాల తేడానే అక్షాంశంలో తేడా, అది 3 డిగ్రీలకి కొంచెం తక్కువ, తిన్నగా చూస్తే దూరం 325 కిలోమీటర్ల దాకా (బస్సు దూరం కాదు, అది పట్టుకుంటే లెక్క తప్పుతది), 360ని 3తో భాగిస్తే 120, దాంతో గుణిస్తే 39,000. భూమి చుట్టుకొలత అసలు 40,000 దగ్గర కదా, తొమ్మిదో తరగతి పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలె? రెండు వేల రెండొందల ఏళ్ళ కింద ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో చేసింది ఇట్లాంటిదే, అక్కడ అలెగ్జాండ్రియా, సైనీ, ఇక్కడ మనకి పాలమూరు, ఆదిలాబాద్. కాకపోతే అటువైపు కర్ర పట్టుకునే టీచర్ ఒకరు దొరకాలె, అది కాన్ఫరెన్స్‌లో కాక ఇంకెక్కడ?

అందుకే మీరూ మీ క్లాసులో ముడి వీడని ఒక్క టాపిక్ పట్టుకొని పొండి, కనిపించినోళ్ళందరినీ అదే అడగండి. మీ మండలం టోపోషీట్ (గుట్టలు, వాగులు, ఊర్లు అన్నీ వివరంగా చూపే మ్యాప్) ఉంటే సంచిలో పెట్టుకోండి, 1:50,000ది, దాన్ని బల్లమీద పరిస్తే చాలు నలుగురు వాళ్ళంతట వాళ్ళే చేరుతరు. టీఎల్‌ఎం (పాఠం చెప్పడానికి వాడే బోధనా సామగ్రి) స్టాళ్ళు మొదటి రోజు పొద్దునే చూసేయండి, రెండో రోజు మధ్యాహ్నానికి సగం సర్దేస్తరు. ఓడీ ఆర్డర్ జిరాక్స్ దగ్గరుంచుకోండి, అటెండెన్స్ సర్టిఫికెట్ మీద సంతకం, స్టాంపు రెండూ పడ్డయా చూసుకొనే కదలండి, లేకపోతే తర్వాత ఆఫీసు చుట్టూ తిరగాలె.

ఇంతకీ మీది ఏ జిల్లానో రాయలేదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపైతే అక్కడ తప్పకుండా కలవండి మేడమ్. కామారెడ్డి అయినా పర్లేదు గానీ నీడల తేడా సగానికి పడిపోతది, కొలత ఇంకా జాగ్రత్తగా తీయాల్సొస్తది.