తోతాపురి తోటకు పాతిక లక్షల పికప్పా?

దామలచెరువు దగ్గర ఎనిమిదెకరాల తోతాపురి మామిడి, ఐదు పాడి ఆవులు, తిరుపతిలో చదివే ఇద్దరు పిల్లలు ఉన్న ఒక రైతు అడిగారు: "చేతిలో తొమ్మిది లక్షలున్నాయి సార్, మిగతాది లోను. ఇసుజు వీ-క్రాస్ కొంటే ఇంటికీ, కాయలకూ, వెనక నీళ్ల ట్యాంకరు లాగడానికీ ఒకే బండి అవుతుంది కదా? తమ్ముడేమో చిన్న గూడ్స్ పికప్, బొలేరో క్యాంపర్ చాలంటాడు."

తమ్ముడి మాట వినండన్నా.

వీ-క్రాస్ మంచి బండే, మన శ్రీసిటీలోనే తయారవుతుంది, 163 హార్స్‌పవర్, మొగిలి ఘాట్లో ఏసీ వేసుకుని ఎక్కినా ఆయాసపడదు. కానీ వైట్ బోర్డు, అంటే ప్రైవేటు రిజిస్ట్రేషన్. ప్రైవేటు కారు పాలసీ ఎప్పుడైనా తీసి చదివారా? బాడుగకు తిప్పినా, సొంత లగేజీ, శాంపిళ్లు తప్ప వేరే సరుకు మోసినా కవర్ లేదని అందులోనే రాసి ఉంటుంది. క్రేట్లతో పోతుండగా యాక్సిడెంట్ అయితే క్లెయిముకు మీరే తిరగాలి.

లెక్క చూద్దాం. పాతిక లక్షల బండికి మీ తొమ్మిది పోను 16 లక్షల లోను, 10 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెల కంతు సుమారు 34,000, అంటే ఏడాదికి 4,08,000. పోయిన సీజన్లో ముప్పై టన్నులు దిగిందన్నారు. 2025లో గుజ్జు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలన్నారు చూడండి, ఆ రేటు పూర్తిగా చేతికొచ్చినా 3,60,000. మందులు, కోత కూలీ తీయకముందే! తోట మొత్తం బండికే పోతే పాల డబ్బుతో ఇల్లు గడుపుతారా?

క్యాంపర్ పది లక్షల అటూ ఇటూ. నాలుగు కట్టి ఆరు లోను తీసుకుంటే కంతు 12,750 దగ్గర ఆగుతుంది, ఐదు లక్షలు బ్యాంకులోనే ఉంటాయి. దీనికీ ఖర్చులున్నాయి, దాచను. ఎల్లో బోర్డు (కమర్షియల్) కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియమే, 2022లో పెట్టిన రేటు ప్రకారం, 16,049 (1500 సీసీ దాటిన ప్రైవేటు కారుకు 7,897), ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). లైసెన్సుకు టెన్షన్ వద్దు, ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సు ఉంటే ఈ సైజు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

అయినా ముప్పై టన్నులు తోలేది క్యాంపర్ కూడా కాదు, ట్రిప్పుకు టన్నే కదా. కోతల రోజుల్లో ట్రాక్టర్ బాడుగకు పెట్టండి. 2025లో ఫ్యాక్టరీల ముందు లోడు బండ్లు రోజుల తరబడి నిలబడ్డాయి, ఆ క్యూలో మీ ఇంటి బండి ఇరుక్కుంటే పిల్లల్ని తిరుపతి నుంచి ఎవరు తెస్తారు?

ట్యాంకరు సంగతి మర్చిపోండి. మూడు వేల లీటర్లంటే నీళ్ల బరువే మూడు టన్నులు, అది ట్రాక్టర్ పని. పైగా మామూలు గూడ్స్ పాలసీలో ట్రైలర్ లాగేటప్పుడు కవర్ ఉండదు, దానికి వేరే రిజిస్ట్రేషన్, పాలసీలో వేరే ఎంట్రీ కావాలి. కూలీలను కూడా వెనక తొట్టిలో ఎక్కించకండి, ఆర్‌సీలో ఎన్ని సీట్లుంటే అంతమందే.