కార్టూన్ పాత్రల సరుకు అమ్మడానికి విడిగా లైసెన్సు అవసరమా?

ప్రశ్న: మా కుటుంబానికి కొన్ని రిటైల్ దుకాణాలు ఉన్నాయి. ఒక విదేశీ వినోద సంస్థకు చెందిన కార్టూన్ పాత్రలున్న బొమ్మలు, బ్యాగులు, టీషర్టులు హోల్‌సేల్ వ్యాపారి దగ్గర కొని అన్ని దుకాణాల్లోనూ అమ్మాలనుకుంటున్నాం. సరుకు అసలైనదేనని ఆయన చెబుతున్నారు. మేము ఆ సంస్థ అనుమతి తీసుకోవాలా? ఆ పాత్ర బొమ్మను మా బోర్డుల మీద వేయించుకోవచ్చా?

జవాబు: సరుకును ఆ సంస్థ గానీ, దాని లైసెన్సు పొందినవారు గానీ ఇక్కడి మార్కెట్లోకి విడుదల చేసి ఉంటే, దాన్ని సక్రమంగా కొన్న మీరు తిరిగి అమ్ముకోవడానికి వేరే లైసెన్సు అక్కర్లేదు. ట్రేడ్‌మార్కుల చట్టం, 1999లోని సెక్షన్ 30(3) ఈ వెసులుబాటు ఇస్తోంది.

చిక్కంతా సరుకు అసలైనదని తేల్చుకోవడంలోనే ఉంది. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 51 ప్రకారం నకళ్లు తయారు చేసినవారే కాక, వాటిని అమ్మినవారూ, అమ్మకానికి ప్రదర్శించినవారూ ఉల్లంఘనకు బాధ్యులవుతారు. ట్రేడ్‌మార్కుల చట్టంలోని సెక్షన్ 104 మరింత కఠినమైనది. నకిలీ గుర్తున్న సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉంటాయి. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ, అనుమానించడానికి కారణమేదీ కనిపించలేదనీ నిరూపించుకోవలసిన భారం అమ్మినవారి మీదే ఉంటుంది. జీఎస్టీ బిల్లు మీరు సరుకు కొన్నారని మాత్రమే చెబుతుంది. తయారు చేసినవారికి ఆ హక్కు ఉందని చెప్పదు.

అందువల్ల మొదటి ఆర్డరు ఇవ్వకముందే తయారీదారు లైసెన్సు పత్రం నకలు అడగండి. కాపీరైట్ లైసెన్సు లిఖితపూర్వకంగానే ఉండాలని కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 30 చెబుతోంది కాబట్టి, ‘మాట ఉంది, కాగితం లేదు’ అనేవారిని నమ్మవద్దు. పత్రంలో ఏ పాత్రలు, ఏ వస్తువులు, ఏ ప్రాంతం, ఎంతకాలం అన్నవి ఒక్కొక్కటిగా చూడండి. బ్యాగులకు ఇచ్చిన అనుమతి టీషర్టులకు వర్తించదు. గడువు ముగిశాక తయారైన సరుకుకూ వర్తించదు. కాలం రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా చట్టం పరిగణిస్తుంది. లైసెన్సుదారు నుంచి మీ హోల్‌సేలర్ దాకా సరుకు చేతులు మారిన ప్రతి దశకూ బిల్లు ఉండాలి. ఇంత పరిశీలన మీకు అతిగా తోచవచ్చు గానీ, కేసంటూ వస్తే మిమ్మల్ని కాపాడేవి ఈ కాగితాలే.

బోర్డు విషయంలో నా సలహా స్పష్టం: వేయించవద్దు. సరుకును తిరిగి అమ్ముకునే హక్కులో ఆ పాత్ర చిత్రాన్ని మీ దుకాణాలకు గుర్తుగా వాడుకునే హక్కు కలిసి లేదు. మీవి ఆ సంస్థ అధికారిక దుకాణాలేనని కొనుగోలుదారులు భ్రమపడే అవకాశం ఉంటుంది. చిత్రాన్ని కొద్దిగా మార్చి గీయించినా, పోలిక ప్రధానాంశాల్లో ఉంటే అదీ ఉల్లంఘనే. పాత పాత్ర కదా అన్న వాదనా గట్టిది కాదు. మిక్కీ మౌస్ తొలి రూపంపై అమెరికాలో కాపీరైట్ 2024 జనవరి 1న ముగిసినా, ఆధునిక రూపాల మీద కాపీరైట్, పేరు మీద ట్రేడ్‌మార్కు హక్కులు కొనసాగుతున్నాయి. పైగా మన దేశంలో గడువు లెక్క మన చట్టం ప్రకారమే సాగుతుంది.

సరుకు నకిలీదని తేలితే నష్టమంతా తానే భరిస్తానని హోల్‌సేలర్ చేత ఒప్పందంలో రాయించుకోండి. నోటీసు వస్తే ఆ సరుకును వెంటనే అన్ని దుకాణాల్లోనూ అమ్మకం నుంచి తీసివేయండి, కానీ ధ్వంసం చేయకండి. బిల్లులన్నీ భద్రపరచి, న్యాయవాది ద్వారా గడువులోగా జవాబివ్వండి. సరుకు ఎవరి దగ్గర కొన్నారో అడిగినప్పుడు దాచకుండా చెప్పడం కూడా సెక్షన్ 104 కింద మీకు రక్షణగా నిలుస్తుంది.